కరెంటుకే కునుకు పట్టిన మధ్యాహ్నం

మా రోడ్డు మీద ఫ్యాన్లు బాగుచేసే ఆయన్ని అందరం గాలిబాబు అంటాం. చేసే పనిని బట్టే ఆ పేరు వచ్చిందని ఆయన నమ్మకం. మేమూ కాదనం.

సోమవారం పొద్దున ఆయన కొట్టు తీయకుండా నేరుగా వచ్చి టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. అప్పటికి అక్కడ నేనున్నాను, నాది ఎదురుగా టైలరింగ్ షాపు. డ్యూటీ దిగి వచ్చిన బస్సు కండక్టరున్నాడు. టీ కాచే పిన్ని ఎలాగూ ఉంది. ముగ్గురికీ అడగాలని ఉన్న మాట ఒకటే, గాలిబాబు వాళ్ళ బావకి నిద్ర పట్టిందా లేదా అని. ఆ పెద్దమనిషి నెల పైనుంచీ ఎర్రటి కళ్ళతో ఇదే రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతుంటే మేమంతా చూస్తూనే ఉన్నాం. మొన్న శనివారం ఎదురుగా వస్తున్న బస్సుని చూసుకోకుండా రోడ్డు దాటబోతే, ఇదే కండక్టరు ఆయన రెక్క పట్టి వెనక్కి లాగాడు.

పిన్ని గ్లాసు అందిస్తూ అదే అడిగింది. గాలిబాబు ఒక గుక్క తాగి, "పడుకున్నాడు పిన్నీ" అన్నాడు.

మేం ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం. మాట అక్కడితో ఆపేస్తే ఆయన గాలిబాబు ఎందుకవుతాడు?

"పడుకున్నాడంటే ఏదో ఊరికే పడుకున్నాడనుకునేరు, నేను పడుకోబెట్టాను. అదెలాగో చెప్తా వినండి. మా బావ జీవితమంతా మరమగ్గాల షెడ్డులో చేశాడు కదా, అక్కడ పక్కన నిలబడి అరిచినా వినపడదు, పెదాలు చూసి మాట పట్టుకోవాలి. అంత మోతలోనూ ఈయన అన్నం తిని బట్ట తానుల మీద ఇలా వాలాడంటే చాలు, గుర్రు. మగ్గం ఏదైనా ఆగిందా, ఠక్కున లేచి కూర్చునేవాడు. లోకమంతా మోతకి లేస్తుంది, మా బావ మోత ఆగితే లేస్తాడు. నిద్ర సుఖమెరగదని సామెత చెప్తారే, ఈయన నిద్రకి సుఖంతో పనే లేదు, చప్పుడుంటే చాలు. అలాంటి మనిషి రిటైరయ్యి ఇంటికొచ్చి పడ్డాడు. ఇంట్లో ఏముంది? మా అక్క పిల్లిలా నడిచే మనిషి, గిన్నె మీద గిన్నె పెట్టినా చప్పుడు రానివ్వదు. వీధి చూస్తే మూల వీధి, రాత్రయితే బండి తిరగదు. ఆ నిశ్శబ్దంలో మా బావ కప్పు చూస్తూ పడుకునేవాడు. పడుకోవడమే, నిద్ర లేదు.

"అక్క చేయని ప్రయత్నం లేదు. ముందు రేడియోలో మెల్లగా వేణువు పెట్టింది. ఈయన మొత్తం విని, బాగుంది ఇంకోటి పెట్టు అన్నాడు. పాట వింటూ కూర్చునే మనిషికి నిద్రెలా వస్తుంది? తర్వాత ఎవరో చెప్పారని ఫోన్లో వాన చప్పుడు పెట్టింది. ఈయన లేచి డాబా మీదికి పోయి ఆరేసిన బట్టలు తీసుకొచ్చాడు. సముద్రం హోరు పెట్టింది, దాంతో ఒకటికి పదిసార్లు బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాడు. చివరికి తనే పక్కన కూర్చుని జోల పాడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ పాడుతుందన్న సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది, ఆ ఆశ్చర్యంతో ఉన్న కాస్త కునుకూ ఎగిరిపోయింది."

పిన్ని నవ్వింది. నవ్వులాట కాదు పిన్నీ అన్నాడు గాలిబాబు. మాత్రలు వేస్తే పగలంతా తూగడమే తప్ప నిద్ర పట్టడం లేదట, ఇంకా ఇలాగే ఉంటే గుండె మీదికి వస్తుందని డాక్టరు గారు చెప్పారట. బస్సు సంగతి తెలిశాక వాళ్ళక్క గాలిబాబు కొట్టుకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, నాకు భయంగా ఉందిరా తమ్ముడూ అందట.

"ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. మా నాన్న పోయినప్పుడు కూడా వినలేదు. ఆ తర్వాత నన్ను పెంచింది వాళ్ళిద్దరే కదా. బడికి వెళ్ళనని మొండికేస్తే తిట్టకుండా నా చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టింది బావే. ఇక ఊరుకుంటానా? నిన్న ఆదివారం, మధ్యాహ్నం భోజనాలవగానే ఒక పాత స్టాండు ఫ్యాన్ భుజాన వేసుకుని బయల్దేరాను. జనం నా దగ్గరికి ఎందుకొస్తారు చెప్పండి, చప్పుడు తీసెయ్యమని. ఇన్నేళ్ళూ నేను తీసేసిన చప్పుళ్ళన్నీ ఎక్కడికి పోతాయి, ఈ చేతుల్లోనే ఉన్నాయి. బుష్ అరిగితే ఏ మోత, రెక్క వంగితే ఏ మోత, నాకు కంఠతా వచ్చు. తీయడం వచ్చినవాడికి పెట్టడం రాదా? ఒక రెక్క ఇంతంటే ఇంత వంచాను, జాలీ స్క్రూ వదులు చేశాను, లోపల ఓ చిన్న రేకుముక్క తగిలీ తగలనట్టు ఆనించాను. స్విచ్చేశాను. టకాటక్, టకాటక్, టకాటక్. అచ్చంగా మరమగ్గం. మంచం మీద కూర్చుని నన్ను చూస్తున్న మా బావ, అలా చూస్తూ చూస్తూనే పక్కకి ఒరిగాడు. తల ఇంకా దిండుకి తగల్లేదు, గుర్రు మొదలైంది."

ఇంతవరకూ బాగానే ఉంది, నమ్మొచ్చు, అన్నాడు కండక్టరు. ఆ మాటే అనకుండా ఉండాల్సింది.

"నమ్మొచ్చా? అసలు కథ ఇంకా మొదలే కాలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది, సంతోషంతో ఏడుపు ఆగడం లేదు ఆవిడకి. ఏడుస్తూ ఏడుస్తూ తలుపుకి ఆనుకుని, నిలబడ్డది నిలబడ్డట్టే పడుకుంది. బుగ్గ మీద జారుతున్న కన్నీటి చుక్క కూడా సగం దారిలో ఆగి అక్కడే పడుకుంది. సరే, అలిసిపోయి ఉందిలే అనుకున్నా. ఇంతలో గోడ అవతల పక్కింట్లో కవల పిల్లలు, పళ్ళొస్తున్నాయి వాళ్ళకి, ఒకడు ఆపితే ఇంకొకడు అందుకుంటాడు, పొద్దున్నుంచీ గుక్క తిప్పుకోని ఏడుపు. ఒక్కసారిగా ఇద్దరూ ఆగిపోయారు. కిటికీలోంచి తొంగి చూస్తే ఏముంది, పిల్లలు పడుకున్నారు, ఊయల ఊపుతున్న తల్లి పడుకుంది, ఊయల మాత్రం అలవాటు కొద్దీ కాసేపు ఊగి, తర్వాత అదీ పడుకుంది. మేడ మీద సంగీతం మాస్టారు శిష్యురాలికి స్వరం తప్పిందని తిట్టబోతూ హార్మోనియం మెట్ల మీద తల వాల్చాడు. ఆ నొక్కుడికి లేచిన శ్రుతి కూడా ఎటూ పోలేదు, సన్నగా మూలిగి గదిలోనే ఓ మూల సర్దుకుంది.

"వీధిలోకి వచ్చాను. కూరగాయల బండివాడు తక్కెడ ఎత్తి పట్టుకుని అలాగే నిద్రపోతున్నాడు, తక్కెట్లో వంకాయలు ఒకదాని మీద ఒకటి ఒరిగి పడుకున్నాయి. కుక్క ఒకటి నన్ను చూసి భౌ మనబోయింది. ఆ భౌ సగంలో ఉండగానే దానికి కన్నంటుకుంది, మిగతా సగం నోట్లోనే ఉండిపోయింది. గోడ మీద పిల్లి పడుకుంటే దాని పొట్ట మీద ఎలుక పడుకుంది, ఒకటి ఊపిరి తీస్తుంటే ఇంకోటి పైకీ కిందికీ ఊగుతోంది. ఏమిట్రా ఈ ఫ్యాన్ అని నాకే ఆశ్చర్యం."

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. నిన్న మధ్యాహ్నం కొలతలకని నేను ఆ వీధిలోంచే నడిచొచ్చాను, అందరూ మామూలుగానే తిరుగుతున్నారే అన్నాను.

"నడిచొచ్చావు, కాదన్నానా? నిద్రలో నడిచొచ్చావు. నేను నిన్ను పేరు పెట్టి పిలిచాను, పలక్కుండా టేపు మెళ్ళో వేసుకుని నా పక్కనుంచే వెళ్ళిపోయావు. ఆ అందరూ తిరుగుతుండడం అనేది నీకొచ్చిన కల. ఇంటికెళ్ళి నువ్వు తీసుకొచ్చిన కొలతలు ఓసారి చూసుకో."

కండక్టరు పగలబడి నవ్వాడు. గాలిబాబు ఆయన వైపు తిరిగాడు.

"నువ్వెందుకు నవ్వుతావు? నీ బస్సుకి మాత్రం తక్కువైందా? వీధి చివర మలుపు దగ్గరికి రాగానే డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టేశాడు. జనమంతా ఒకరి భుజం మీద ఒకరు. నిలబడ్డవాళ్ళు పైన కడ్డీ పట్టుకుని దండెం మీద బట్టల్లా వేలాడుతూ నిద్రపోయారు. మరి డ్రైవరు పడుకుంటే బస్సు దేన్నీ గుద్దలేదా అని అడగవేం? ఎలా గుద్దుతుంది, బస్సే పడుకుంది. చక్రాలు మడుచుకుని రోడ్డు పక్కకి జరిగి, ఎవరికీ అడ్డం లేకుండా."

ఆ బస్సులో నేనే ఉన్నాను, అలాంటిదేమీ గుర్తులేదే అన్నాడు కండక్టరు. డ్యూటీలో పడుకున్నది నీకెప్పుడు గుర్తుంది గనక అని గాలిబాబు టీ ఇంకో గుక్క తాగాడు. ఈసారి పిన్ని కూడా పొయ్యి వదిలి బెంచీ దగ్గరికొచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తలెత్తి చూశాను. కాకులు ఎగురుతూ ఎగురుతూ గాల్లోనే పడుకున్నాయి. కింద పడతాయేమోనని నేను చేతులు చాపాను, పడితేగా, గాలి కూడా పడుకుంది కదా, పరుపు మీద పడుకున్నట్టు దాని మీదే ఉన్నాయవి. మబ్బు ఒకటి నీళ్ళ ట్యాంకు మీద గడ్డం ఆనించింది. ఇక సూర్యుడు, పాపం తనకి పని ఉంది కదా, పడుకోకూడదని ఎంతో చూశాడు. తల వాల్చడం, ఉలిక్కిపడి ఎత్తడం, మళ్ళీ వాల్చడం. వాల్చినప్పుడల్లా కాస్త చీకటి, ఎత్తినప్పుడల్లా ఎండ. ఆఖరికి నడినెత్తినే మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకున్నాడు."

పిన్ని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. అయ్యో అబ్బాయ్, నిన్నంతా నేనిక్కడే ఉన్నాను, పొద్దు ఆగినట్టు నాకు తెలీలేదే అంది.

"ఎలా తెలుస్తుంది పిన్నీ, గడియారాలు కూడా పడుకున్నాయి. ఎంతసేపని లెక్కపెట్టేవాడెవడు? లేచాక అన్నీ కలిసి ఆగిన దగ్గర్నుంచే మొదలుపెట్టాయి. నీకు నిన్న మామూలు ఆదివారమే. నాకొక్కడికే అది చాలా పెద్ద ఆదివారం."

అందరూ పడుకుంటే నువ్వెందుకు పడుకోలేదని కండక్టరు అడిగాడు. గాలిబాబు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు చూశాడు.

"ఫ్యాన్ మోత వింటే నాకు నిద్రెందుకొస్తుంది, పని గుర్తొస్తుంది. అయినా పూర్తిగా తప్పించుకున్నానని చెప్పను. ముందు ఎడమ కాలు పడుకుంది. కుడి కాలి మీద గెంతుకుంటూ ఇంట్లోకి పరిగెత్తాను. అప్పటికి నాకూ భయం పట్టుకుంది. ఊరు ఊరంతా లేవకపోతే రేపు ఫ్యాన్లు తెచ్చేదెవరు, నేను కోతలు కోస్తే వినేదెవరు? స్విచ్ ఆపుదామని చెయ్యి చాపితే వేళ్ళు స్విచ్ మీదే కునుకు తీశాయి. ప్లగ్గు ఊడబెరుకుదామంటే మోచెయ్యి ఆవలించింది. ఏం చేయాలో తోచక నిలబడి చూస్తున్నాను, ఇంతలో ఆ టకాటక్ మెల్లగా వైరులోకి దిగింది. వైరులోంచి గోడలోకి, గోడలోంచి స్తంభం మీదికి, స్తంభం మీద తీగ పట్టుకుని సరాసరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ పెద్దగా ఓ ఆవలింత తీసింది, నేను చెవులారా విన్నాను. అంతే, తీగలో పారుతున్న కరెంటుకే కునుకు పట్టింది. పారుతున్నది పారుతున్నట్టే ఆగి పడుకుంది. ఫ్యాన్ ఆగిపోయింది, మోత ఆగిపోయింది, మా బావ తప్ప ఊరంతా ఒళ్ళు విరుచుకుని లేచింది. సూర్యుడు కళ్ళు నులుముకున్నాడు, కుక్క మిగిలిన సగం మొరిగింది. ఎవడికీ ఏమీ గుర్తులేదు. నేనూ పెద్దగా చెప్పుకోలేదు, మనకెందుకులే అని."

గ్లాసు ఖాళీ చేసి బెంచీ మీద పెట్టాడు. కండక్టరు మాత్రం ఏదో లెక్క కుదరనివాడిలా మొహం పెట్టాడు.

"ఒక్క ముక్క. మోత ఆగితే లేచే మనిషి మీ బావ. ఫ్యాన్ ఆగి ఊరంతా లేచినప్పుడు, ఆయనెందుకు లేవలేదు?"

గాలిబాబు ఖాళీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. సూర్యుణ్ణి పడుకోబెట్టినవాడికి ఈ చిన్న ముడి విప్పడం రాలేదు. "అదంటే, ఆయన సంగతి వేరు, ఆయన…" అని ఆగిపోయాడు.

"ఫ్యాన్ ఎప్పుడు తిరిగిందిరా, ఆగడానికి?" అన్న మాట వెనకనుంచి వచ్చింది.

ఆయన బావ. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో మేమెవరం చూసుకోలేదు. గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కళ్ళలో ఎరుపు లేదు. నెల పైగా ఆయన్ని చూస్తున్న మాకు ఆ మొహం మళ్ళీ గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. కండక్టరు గబుక్కున లేచి చోటిచ్చాడు. ఆయన కూర్చోకుండా కండక్టరు చెయ్యి పట్టుకుని, శనివారం నీకు ఏం చెప్పానో కూడా నాకు గుర్తులేదు నాయనా, ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోయి ఉంటాను అన్నాడు. ఆ చెయ్యి కాసేపు వదల్లేదు. కండక్టరు ఎటో చూస్తూ తల ఊపాడు.

తర్వాత కూర్చుని, పిన్ని ఇచ్చిన టీ తీసుకుని, జరిగిందేమిటో ఆయనే చెప్పాడు. కరెంటుకి కునుకు పట్టడం కాదట, నిన్న పగలంతా వాళ్ళ వీధిలో అసలు కరెంటే రాలేదట. తీగలు మారుస్తున్నారట. గాలిబాబు ఫ్యాన్ మోసుకొచ్చి, స్విచ్ వేసి, అది తిరక్కపోయేసరికి మొహం చిన్నబుచ్చుకుని మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడట. ఊరికే కూర్చోవడం చేతకాదు కాబట్టి ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టాడట. నడిసముద్రంలో ఓడ ఇంజను చెడిపోతే తను టేబుల్ ఫ్యాన్‌తో దాన్ని ఒడ్డుకి చేర్చిన సంగతి.

"ఓడ కదిలిందాకా విన్నాను. ఆ తర్వాత కళ్ళు తెరిస్తే సోమవారం."

గాలిబాబు నేల చూస్తున్నాడు. బావ మాట ఆపలేదు. మిగతాది వాళ్ళావిడ చెప్పిందట. ఈయన గుర్రు మొదలుపెట్టగానే గాలిబాబు నమ్మలేనట్టు మాట ఆపాడట. ఆపగానే ఈయన కదిలాడట. ఆవిడ గుమ్మంలోంచి రెండు చేతులూ జోడించి, ఆపకు అని సైగ చేసిందట. ఇంకేముంది, ఓడ ఒడ్డుకొచ్చింది, ఒడ్డున రాజుగారి అంతఃపురంలో ఫ్యాన్లు బాగయ్యాయి, అవీ అయిపోయాక చెప్పినవే మళ్ళీ మొదటినుంచీ. వినేవాడు లేడని తెలిసి కూడా, నీళ్ళు తాగడానికైనా లేవకుండా, పొద్దుగూకి కరెంటు వచ్చి కప్పుకి ఉన్న పాత ఫ్యాన్ దానంతటది తిరగడం మొదలయ్యేదాకా మాట్లాడుతూనే ఉన్నాడట. అప్పుడు మాట ఆపినా ఈయన కదలకపోయేసరికి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడట.

ఇంత చేసినవాడు ఆ సంగతి వదిలేసి కాకుల్ని పడుకోబెట్టడమెందుకో నాకు అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది కూడా, బావ మీద ప్రేమ ఉందని నోటితో చెప్పుకోవడం కన్నా కాకుల్ని పడుకోబెట్టడమే ఆయనకి సులువు.

"ఏమీ లేదురా," అన్నాడు బావ, "షెడ్డులో మగ్గం చప్పుడు ఎవడూ వినడు. వినక్కర్లేదు. అదలా ఉంటే చాలు, అన్నీ నడుస్తున్నాయి, మనం కన్ను మూసినా ఫర్వాలేదని ఒళ్ళు నమ్ముతుంది. నీ మాటలూ అంతే. ఒక్క ముక్క నిజం ఉండదు, చెవి పెట్టాల్సిన పని లేదు. హాయిగా పడుకోవచ్చు."

పిన్ని ముందు నవ్వింది, ఆ వెనకే మేమందరం. కండక్టరుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పొగిడాడో తెగిడాడో తేల్చుకోలేక గాలిబాబు మా మొహాలన్నీ ఒక చుట్టు చూశాడు. ఆఖరికి గొంతు సవరించుకున్నాడు.

"అంటే ఏమైనట్టు బావా? నిన్ను పడుకోబెట్టింది నేనే కదా. ఇంతసేపూ వీళ్ళకి నేను చెప్తున్నదీ అదేగా?"

బావ మళ్ళీ ఏదో ఒకటి అంటాడనుకున్నాం. ఆయన మాత్రం గ్లాసు పక్కన పెట్టి, ఎదిగిన ఆ మనిషి తల మీద చెయ్యి వేశాడు.

"అవున్రా, నువ్వే."

గాలిబాబు లేచి, జేబులో తాళాలు వెతుక్కుంటూ, కొట్టు తీయాలని గొణిగి, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.